ఉప్పు ఎప్పుడు వేయాలి

నా చిన్నప్పుడు మా బాపు నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు తక్కువ. ‘తనిఖీ’ అని పిలిచేవాడు. కుండ నిండా నీళ్లున్నాయని అమ్మ చెబితే మూత తీసి చూసేదాన్ని. ఇవాళ వాన పడుతుందని పొద్దున ఎవరైనా అంటే, పడలేదని సాయంత్రం వాళ్ల గడప దాకా వెళ్లి చెప్పి వచ్చేదాన్ని. ఆ గుణమే నన్ను రసాయనశాస్త్రం వైపు నడిపించింది. ఇతరులు రాసిన ఫలితాలను సరిచూసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా కూర్చోబెట్టింది. అయితే ఒక మనిషిని ఎలా సరిచూడాలో అంతకు చాలా ముందే, వరంగల్‌లో జంపఖానాలు నేసే ఒక సహకార సంఘం షెడ్డు వెనక, రంగు నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉండే గచ్చు మీద నేర్చుకున్నాను. అవి డెబ్బైల దశకపు చివరి సంవత్సరాలు. నాకు పదేళ్లు.

ఆ సంఘంలో మా బాపు నేతగాడు. ముందు షెడ్డులో మగ్గాలు ఉండేవి. వెనకవైపు, రేకుల కప్పు కింద, రంగుల షెడ్డు ఉండేది. చిలపలు అనే తెల్లటి నూలు చుట్టలు అక్కడ పెద్ద పెద్ద గంగాళాల్లో ఉడికి, ఎర్రగానో నీలంగానో మారి, వెదురు గడల మీద ఆరి మగ్గాల దగ్గరకు వచ్చేవి. ఆ షెడ్డులో పనిచేసే ఒక స్త్రీని అందరూ ‘రంగుల పెద్దమ్మ’ అనేవాళ్లు. మాకు చుట్టం కాదు. ఖిలా వరంగల్ నుంచి రోజూ కోట దర్వాజా దాటుకుంటూ నడిచి వచ్చేది. ఆమె చేతులు మోచేతుల దాకా రంగులోనే ఉండేవి. ఆ చేతులను చూసి ఆ వారం మగ్గాల మీద ఏ రంగు జంపఖానా ఉందో చెప్పవచ్చని మా బాపు అనేవాడు. నేను నాలుగు వారాలు సరిచూశాను. ఒక్కసారి మాత్రం తప్పింది. ఆ వారం ఆమె జ్వరంతో రాలేదు.

రంగుల మేస్త్రీ వేరే ఉండేవాడు. ముసలివాడు. చూపు తగ్గడంతో నెక్కొండలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన కింద పనంతా చేసింది పెద్దమ్మే కనుక, ఆ స్థానం ఆమెదే అని అందరూ అనుకున్నారు. కానీ ఒక చిక్కు వచ్చింది. ఏ రంగు ఎంత కలపాలి, నూలు ఎంతసేపు ఉడకాలి అన్నది చేనేత ఆఫీసు నుంచి చీటీల మీద రాసి వస్తుంది. గంగాళం బాధ్యత తీసుకునే మనిషి ఆ చీటీ చదవగలగాలి. పెద్దమ్మకు చదువు రాదు. హన్మకొండ నుంచి వచ్చిన ఒక అధికారి విషయం తేల్చి చెప్పాడు. దసరా తరువాత మళ్లీ వస్తాననీ, ఆమె ఎన్నడూ చూడని చీటీ ఒకటి ఇస్తాననీ, దాన్ని ఎవరి సాయమూ లేకుండా చదివి రంగు వేస్తే ఆమే మేస్త్రీ అనీ అన్నాడు. లేకపోతే చదువు వచ్చిన మనిషి బయటి నుంచి వస్తాడు. ఆమె కట్టెలు మోస్తూ, నీళ్లు తోడుతూ ఉండిపోవాలి.

చదువు నేర్పవలసింది మా మేనత్త. ఆమె మెట్రిక్ దాకా చదివి, వయోజన విద్యా కేంద్రం నడిపేందుకు పది రోజుల శిక్షణ పొంది వచ్చింది. ఇలాంటి కేంద్రాలు మామూలుగా చీకటి పడ్డాక జరిగేవి. రోజంతా దారాలు చూసి చూసి కళ్లు మంటలెత్తుతాయనీ, ఆ వేళకు దీపం ముందు కూర్చోలేమనీ నేతగాళ్లు చెప్పారు. అత్త సంఘం పెద్దలను అడిగి, మధ్యాహ్నం అన్నాల విరామంలో, మగ్గాల మధ్య ఉన్న నడవలోనే బడి పెట్టింది. పని చేసే చోటే బడి పెట్టడం మా చుట్టుపక్కల అంతకు ముందు ఎవరైనా చేశారో లేదో నాకు తెలియదు. మేము వినలేదు.

ఆమెకు ఇచ్చిన వాచకం రైతుల కోసం రాసినది. నాగలి, ఎడ్లు, ఎరువు గుంట, విత్తనం – పాఠాలన్నీ అవే. మొదటి రోజే ఒక నేతగాడు పుస్తకం తిరగేసి, “టీచరమ్మా, ఎడ్లు గూడ ఇస్తరా, పాఠమొక్కటేనా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది కానీ, శిక్షణలో చెప్పిన క్రమాన్ని దాటే ధైర్యం ఆమెకు అప్పటికి లేదు.

రెండు నెలలు తిరిగేసరికి అందరూ వాచకం మొత్తం గడగడా చదవసాగారు. అత్త సంతోషానికి హద్దు లేదు. ఆమె పొరపాటు ఎక్కడ ఉందో ఇప్పుడు చెప్పగలను. నేతగాళ్లు ఒక జంపఖానా అంచులో ఎన్ని ఎర్ర పోగులు, ఎన్ని తెల్ల పోగులు, ఎక్కడ మలుపు అన్నది కాగితం లేకుండా, లయగా పలుకుతూ గుర్తు పెట్టుకుంటారు. ఒకరు పలికితే పక్కవాడికి వస్తుంది. అలాంటి మనుషులకు పాఠం వినిపిస్తే పాఠం కూడా అలాగే కంఠతా వచ్చేస్తుంది. వాళ్ల జ్ఞాపకాన్ని అత్త చదువు అనుకుంది. వాళ్లూ అదే చదువు అనుకున్నారు. మోసం ఎవరి మనసులోనూ లేదు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. చదివేటప్పుడు నా కళ్లు వరుస వెంట కదులుతాయి. పెద్దమ్మ కళ్లు ఎదుటి మగ్గం మీద ఉండేవి. మా బడికి సెలవు వచ్చిన ఒక రోజు, మధ్యాహ్నం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఒడిలో తెరిచి ఉన్నది ఎరువు గుంట పాఠం. ఆమె నోట వస్తున్నది ఎడ్ల పాఠం. ఒక్క పరిశీలన చాలదని, పుస్తకాన్ని మెల్లగా తిప్పి తలకిందులుగా పెట్టాను. ఆమె ఆగలేదు. పుట తిప్పవలసిన చోట తిప్పింది కూడా. నాకు రుజువు దొరికింది. దొరికిన రుజువును దాచుకోవడం నాకు రాదు.

“పెద్దమ్మ చదువుతలేదు. బుక్కు తలకిందులున్నది, చూడుండ్రి,” అన్నాను, అందరికీ వినబడేలా.

షెడ్డంతా నవ్వు. ఎవరో, “మనకు సక్కగుంటెనే వస్తలేదు, గామెకు తలకిందులు గూడ వస్తాంది,” అన్నారు. నవ్వు ఇంకా పెరిగింది. పెద్దమ్మ పుస్తకం మూసింది. కొంగుతో దాని అట్ట తుడిచి, అత్త పక్కన పెట్టింది. పొయ్యిలో కట్టెలు ఆరిపోయి ఉంటాయని చెప్పి వెళ్లిపోయింది. మరునాడు బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

ఆ రెండు రోజుల్లో అత్త తక్కినవాళ్లందరినీ విడివిడిగా, నవ్వులకు తావు లేకుండా, పాఠాల వరుస మార్చి చదివించి చూసింది. ఇద్దరో ముగ్గురో తప్ప అందరిదీ పెద్దమ్మ పరిస్థితే. ఇంటికి వచ్చాక అత్త నన్ను మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. నేను చెప్పింది నిజమని తేలింది కదా. ఆమె ముందు వంట పని ముగించుకుంది. తరువాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అన్నది: “నువ్వు చెప్పింది నిజమే. తప్పు దొరికింది. గని ఆ తప్పు నాది. నువ్వు దాన్ని తీస్కపోయి ఆమె నెత్తిన పెట్టినవ్. ఇప్పుడు నువ్వే దించాలె.”

ఎలా దించాలో నాకు తెలియలేదు. అత్త ఒక పని చెప్పింది. పరీక్షల వల్ల ఆ వారం మాకు ఒంటిపూట బడి. రోజూ మధ్యాహ్నం రంగుల షెడ్డుకు వెళ్లి, ఎరుపు రంగు ఎలా వేస్తారో పెద్దమ్మను అడిగి, ఆమె ఏ మాట అంటే ఆ మాటే నోటుబుక్కులో రాసుకొని రావాలి. నా మాటల్లోకి మార్చకూడదు.

మొదటి రోజు ఆమె నా వైపు చూడలేదు. చివరికి గంగాళంలో కర్ర తిప్పుతూనే, “ఏం, తనిఖీకొచ్చినవా? గంగాళం తలకిందులున్నదేమో చూసుకో,” అన్నది. నాకు ఏడుపు వచ్చింది కానీ లేచి వెళ్లలేదు. అత్త పంపిందనీ, ఎరుపు రంగు రాసుకోవాలనీ చెప్పాను. రాసుకొని ఏం చేస్తావని అడిగింది. నేనూ రంగు వేస్తానన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. “జర దూరం కూసో బిడ్డా. మీద పడ్తది,” అన్నది.

మూడు రోజులు కూర్చున్నాను. గోడకు ఒక మేకు ఉండేది. దానికి రంగు రంగుల దారాలు వేలాడేవి. అవి తెగిపోయిన నూలు ముక్కలని మొదట అనుకున్నాను. పని నడుస్తున్నప్పుడు పెద్దమ్మ ఎర్ర దారాన్ని ఎడమ చేత్తో తడుముతూ ఉండడం రెండో రోజు గమనించాను. దాని నిండా ముడులు. నూలు ముంచేచోట ఒక ముడి, పైకి తీసేచోట జంట ముడి, ఒకచోట మూడు చిన్న ముడులు పక్కపక్కనే. ఇదేమిటని అడిగితే, “నా కితాబు,” అన్నది. ఆ మూడు చిన్న ముడులు ఉప్పు. నూలు సగం ఉడికాక, చిలపలను కర్రతో పైకి లేపి, ఉప్పును మూడు దఫాలుగా వేయాలి. ఒకేసారి వేసినా, నూలు ముంచక ముందే వేసినా రంగు ఒకచోట గబుక్కున పట్టి, మరొకచోట పట్టక, నూలంతా మచ్చలవుతుంది. ఎందుకలా అవుతుందో కళాశాలలో చేరాక చదువుకున్నాను. ఆమె చెప్పినదానిలో దిద్దవలసింది ఏమీ కనబడలేదు.

గుర్తులు పెట్టుకోవడం, వాటిని వరుసగా తడుముకుంటూ పని నడపడం ఆమెకు కొత్త కాదు. చదవడమంటే అదేనని వాచకం ఆమెకు చెప్పలేదు. మాకూ చెప్పలేదు.

నోటుబుక్కు చూసి అత్త ఆ సాయంత్రమే వాచకాన్ని అటక మీద పెట్టింది. మరునాడు చుట్టి మోసుకెళ్లే తన నల్లబోర్డు, సుద్దముక్కలు తీసుకొని, బడిని రంగుల షెడ్డులోకి మార్చింది. నేతగాళ్లు అన్నం గిన్నెలతో వచ్చి తడి గచ్చు మీద గోనెలు పరుచుకుని కూర్చున్నారు. అత్త పెద్దమ్మతో, తనకు రంగు సంగతి ఏమీ తెలియదనీ, ఎరుపు ఎలా వేయాలో ఆమె అందరికీ చెబితే తాను రాస్తాననీ అన్నది. చదవమని అడగలేదు కనుక పెద్దమ్మ కాదనలేదు. ఆమె చెప్పింది, అత్త రాసింది, ఆమె నోటి మాటలే ఆమె కళ్ల ముందు తెల్లటి అక్షరాలై నిలబడ్డాయి. పెద్దమ్మ చాలాసేపు ఆ బోర్డునే చూసింది.

ఆ తరువాతి వారాల్లో అత్త తనకు తానే కొత్త పద్ధతి కట్టుకుంది. ఉప్పు, నూలు, నీళ్లు, ముంచు, తీయి వంటి మాటలను అట్టముక్కల మీద రాసి, వాటిని పేకముక్కల్లా కలిపి పంచేది. వరుస మారిపోతే జ్ఞాపకం సాయం చేయదు. అక్షరాన్ని చూడక తప్పదు. పాఠం మధ్యలో ఎవరైనా ‘తనిఖీ’ అంటే చాలు, ముక్కలు మళ్లీ కలపాలి. నన్ను వెక్కిరించడానికి పుట్టిన ఆ ఆట వాళ్లకు ఎంత నచ్చిందంటే, పెద్దమ్మే అందరికంటే ఎక్కువసార్లు ఆ మాట అనేది. అట్టముక్కల మీదకు మగ్గం మాటలూ, జంపఖానా కొలతలూ, గోడ మీది హెచ్చరికలూ ఒక్కొక్కటిగా చేరాయి. అందరూ నేర్చుకున్నారని అనను. ఒకరిద్దరు మధ్యలో మానేశారు. ఇంకొకరు నేర్చుకుని మరచిపోయారు. నేను చూసినంతవరకు, తక్కినవాళ్ల కళ్లు మాత్రం వరుస వెంట కదలడం మొదలైంది.

దసరాకు కొద్ది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం, అత్త ఎరుపు రంగు పద్ధతి మొత్తాన్ని ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు తగిలించింది. పెద్దమ్మను చదవమంది. ఇది ఆమెకు కంఠతా వచ్చిన పాఠం. ఆమె సొంత పాఠం. ఇందులో పరీక్ష ఏముంటుందని నాకు లోపల సందేహం.

నూలు నానబెట్టాలి అని చదివింది. రంగుపొడిని వేడినీళ్లలో కలపాలి అని చదివింది. గంగాళంలో పోయాలి అని చదివింది. అక్కడ ఆగింది. వేలు మళ్లీ వరుస మొదటికి వెళ్లింది. ఎవరో వెనకనుంచి అందించబోతే అత్త చేయి ఎత్తి ఆపింది. కంఠతా అప్పజెప్పడమే అయితే ఆమె ఆగవలసిన పని లేదు. తలకిందులైన పుస్తకం కూడా ఆమెను ఆపలేదు. కాగితం మీద ఉన్నది ఒకటి, ఆమెకు తెలిసినది మరొకటి. ఆ తేడా ఆమెకు కనబడింది.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. “ఇది ఎవరు రాసిండ్రు?”

తనిఖీ నోటుబుక్కు చూసి రాశానని అత్త చెప్పింది.

“నూలు ముంచకముందుకే ఉప్పేస్తరా? మచ్చలు మచ్చలైతది. తప్పు రాసినవ్ బిడ్డా.”

నేను నోటుబుక్కు తెరిచాను. నా రాతలో ఉప్పు నూలు తరువాతే ఉంది, మూడు దఫాలుగా. ఆ పుటను పైకెత్తి అందరికీ చూపించడానికి సగం లేచాను కూడా. అప్పుడు అత్త వైపు చూశాను. ఆమె చేతికి అంటిన సుద్ద తుడుచుకుంటోంది. ముఖంలో ఏ భావమూ లేదు. షెడ్డులో అందరూ నన్ను చూస్తున్నారు. కొన్ని వారాల కింద పెద్దమ్మను చూసినట్టే చూస్తున్నారు. నేను నోటుబుక్కు మూశాను.

“అవును పెద్దమ్మా. తప్పైంది,” అన్నాను.

వెనకనుంచి ఎవరో, “తనిఖీకే తనిఖీ,” అన్నారు. నవ్వారు. ఈసారి ఆ నవ్వు నా మీద. అది అంత బరువుగా లేదు. పెద్దమ్మ అత్త చేతిలోంచి కలం తీసుకుని, తప్పు మాట మీద అడ్డంగా గీత గీసింది. రెండు వరుసల కింద, మోకాళ్ల మీద కూర్చొని, ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ ‘ఉప్పు’ అని తన చేత్తో రాసింది. వేలి ఎరుపు కాగితానికి అంటింది.

దసరా తరువాత అధికారి వచ్చాడు. చీటీలో ఉన్నది ఆకుపచ్చ. నీలం, పసుపు కలిపి వేయవలసిన రంగు. మేకుకు ఆ రంగు దారం లేదు. పెద్దమ్మ చీటీని వెలుతురులోకి పట్టుకుని చదివింది. ఎంత నెమ్మదిగా అంటే, అధికారి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఒక మాట దగ్గర నిలిచిపోయింది. మా బాపు తల దించుకున్నాడు. ఆమె మాత్రం చీటీ అధికారి ముందుకు జరిపి, “ఈ ఒక్క మాట నాకు వస్తలేదు సార్. ఏందిది?” అని అడిగింది. అది ఒక రసాయనం పేరు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి చెప్పాడు. ఆమె తలూపి, మిగిలినది తానే చదువుకుని, పొయ్యి రాజేసింది.

తెలియని మాటను ఊహించకుండా అడిగినందుకే ఆమెను ఎంచుకున్నానని అధికారి సంఘం పెద్దలతో అన్నాడని తరువాత చెప్పుకున్నారు. ఆ మాట నేను వినలేదు కనుక దానికి పూచీ పడలేను. నేను చూసింది చెబుతాను. మరునాడు వెదురు గడల మీద ఆకుపచ్చ నూలు ఆరుతోంది. ఒక్కొక్క చిలపనూ తిప్పి చూశాను. మచ్చ లేదు. బయటి నుంచి మేస్త్రీ ఎవరూ రాలేదు. ఆ చీటీని పెద్దమ్మ గోడకు అంటించింది. దాని పక్కన మేకుకు కొత్తగా ఒక ఆకుపచ్చ దారం, ముడులతో సహా, వేలాడదీసింది. చదువు వచ్చాక కూడా ముడులెందుకని అడిగాను. చేతులు తడిగా ఉన్నప్పుడు కాగితం పట్టుకోరాదు కదా అన్నది. ఆ జవాబులో కూడా నాకు తప్పు దొరకలేదు.

తరువాతి సంవత్సరాల్లో ఇతర కేంద్రాలలో చదువు చెప్పేవాళ్లు కొందరు మా అత్త మధ్యాహ్నపు బడిని చూడడానికి వచ్చేవారు. పాఠాలు ఎక్కడ అచ్చయ్యాయని అడిగేవారు. అచ్చు కాలేదనీ, ముందు వాళ్ల పని దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రాసుకోండనీ చెప్పేది. వాళ్లలో ఎందరు అలా చేశారో నాకు తెలియదు. ఒక బీడీల కార్ఖానాలో చేశారని మాత్రం అత్తే చెప్పింది.

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకసారి అత్తను సూటిగా అడిగాను, ఆ ఉప్పును కావాలనే ముందుకు జరిపావా అని. “నోటుబుక్కు నీ దగ్గరనే ఉన్నది గద. చూసుకో,” అన్నది. నోటుబుక్కు నా తప్పు లేదని మాత్రమే చెబుతుంది. ఆమె ఉద్దేశం చెప్పదు. నిజంగానే పొరపాటున రాసి ఉండవచ్చు. సరిచూసే వృత్తిలో ఉన్నదాన్ని, ఆ అవకాశాన్ని కొట్టివేయలేను.

కానీ ప్రయోగశాలలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను ఇచ్చిన మొదటి పద్ధతి కాగితంలో, ఎవరికీ హాని కలగని ఒక మెట్టును వరుస తప్పించి రాసేదాన్ని. తరువాత ఎదురుచూసేదాన్ని. కొందరు రాసినది రాసినట్టే చేసేవారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ చదివేవాళ్లం. కొందరు మాత్రం రెండో రోజో మూడో రోజో కాగితం పట్టుకుని వచ్చి, గుమ్మంలో కాసేపు తటపటాయించి, “మేడం, ఇది తప్పు రాసిండ్రేమో,” అనేవారు. వాళ్లకు నేను చెప్పే జవాబు ఇన్నేళ్లలో మారలేదు. కుర్చీలోంచి లేచి, కలం వాళ్ల చేతికిచ్చి, “అవును, తప్పైంది,” అనేదాన్ని.